రెండో షెడ్డు ట్యాబ్

దూలపల్లిలో ఫణిభూషణ్ నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో సృజన ఒక్కతే ప్రోగ్రామర్. లాల్‌గడి మలక్‌పేట్‌లో రవీందర్ కోళ్లఫారానికి ఆమె పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రామ్ రాసింది. కంప్యూటర్ తెరమీద షెడ్డుకొక ట్యాబ్. అందులో ఉండే ప్యానెల్ షెడ్డులో వేడి ఎంతుందో చూపిస్తుంది, ఎక్కువైతే దానంతట అదే ఫ్యాన్లు వేస్తుంది. కొత్త షెడ్డు కట్టినప్పుడు బటన్ నొక్కితే కొత్త ట్యాబ్ రావాలి.

అప్పగించే ముందు సృజన పరీక్షగా నొక్కితే ట్యాబ్ వచ్చింది. కానీ మొదటి షెడ్డు ప్యానెలే వెళ్లి అందులో కూర్చుంది. మొదటి ట్యాబ్ ఖాళీ అయింది. ప్రతి ట్యాబ్‌కీ కొత్త ప్యానెల్ తయారుచేయాల్సిన చోట సృజన ఉన్న ఒక్కదాన్నే వాడింది. తప్పు తెలియగానే సరిచేయడానికి ఫణిభూషణ్‌ని గడువడిగింది. ఇప్పుడున్నది ఒక్క షెడ్డే కదా, రెండోది లేచాక చూద్దామని ఫణిభూషణ్ ప్రోగ్రామ్ అప్పగించేశాడు.

మే నెలలో రెండో షెడ్డు లేచింది. ఫారంలోనే కాపురముండే పనివాడు యేసయ్య, తనకు నేర్పినట్టే బటన్ నొక్కి దాణా దింపించడానికి వెళ్లాడు. మధ్యాహ్నం మొదటి షెడ్డులో ఫ్యాన్లు తిరగలేదు. అతను తలుపు తీసేసరికి కోళ్లు నోళ్లు తెరుచుకుని ఒకదానిమీద ఒకటి చచ్చిపడి ఉన్నాయి.

ఫణిభూషణ్, సృజన వచ్చేసరికి రవీందర్ యేసయ్యను ఆ కోళ్ల మధ్యే మోకాళ్లమీద కూర్చోబెట్టాడు. యేసయ్య భార్య ఎలీషమ్మ చచ్చినవాటిని ఒట్టి చేతులతో సంచుల్లోకి ఎత్తుతోంది. ఫణిభూషణ్ తెర చూసి, మొదటి షెడ్డు ప్యానెల్‌ని ఎవరో తీసేశారన్నాడు.

యేసయ్య సృజన వైపు తిరిగాడు. “బిడ్డా, నువ్వు నేర్పినట్టే నొక్కిన. ఇంకోటి ముట్టలే. మా సారుకు జెప్పు.”

సృజన ఫణిభూషణ్‌ని చూసింది. ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

“మీరేం నొక్కారో నాకెలా తెలుస్తుంది?” అంది.

రవీందర్ యేసయ్యను నీళ్ల పైపుతో కొట్టాడు. అడ్డం వచ్చిన ఎలీషమ్మకూ తగిలింది. చీకటి పడేలోపు సామాను తీసుకుని పొమ్మని ఇద్దరికీ చెప్పాడు.

ఆ దెబ్బలు వినిపిస్తుండగానే సృజన కంప్యూటర్ గదిలో కూర్చుని ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస మార్చింది. ఇప్పుడు ట్యాబ్‌కొక ప్యానెల్. రవీందర్ చెమట తుడుచుకుంటూ వచ్చి చూశాడు.

“ఇగ మంచిగున్నది. మూడో షెడ్డు గూడ కట్టిస్త,” అన్నాడు.

తర్వాతి వారం యేసయ్య చోట్లోకి పరమేశ్ వచ్చాడు. సృజనే వెళ్లి బటన్ ఎలా నొక్కాలో నేర్పింది. ఇదివరకున్నాయన ఎందుకు పోయాడని అతను అడిగాడు.

“ఆయనకు పని రాదు,” అంది సృజన.