నల్లగడిలో నల్లబంటు

పద్నాలుగో పేజీ మధ్యలో అరచెయ్యంత ఖాళీ మిగిలింది. రావలసిన పోటీ ఫలితాల పట్టిక రాలేదు. కంపోజిటరు పట్టకారుతో సీసపు గుర్రం అచ్చుని పట్టుకుని ఆ ఖాళీ వైపు ఒకసారి, సంపాదకుడి గది వైపు ఒకసారి చూశాడు. పొట్టి మనిషి. టైపు పెట్టెల పై వరస అందడానికి ముప్ఫై ఒక్కేళ్లుగా చెక్కపీట ఎక్కుతున్నాడు. పీట అరిగింది గానీ మనిషి పెరగలేదు. చదరంగం పత్రికలో చేరి అతను వేసిన ఎత్తల్లా ఆ పీట ఎత్తేనని మిషన్‌మాన్ వేళాకోళం.

పత్రిక మాత్రం పెరిగింది. సంపాదకుడి వరండాలో ఎనిమిది పేజీలతో, రెండు వందల కాపీలతో పుట్టి, గదులు మారి, మిషన్లు మారి, అరవై నాలుగు పేజీలకూ మూడు వేల కాపీలకూ ఎదిగింది. వచ్చే నెల నుంచి కంప్యూటరు. ఈ సంచికతో సీసానికి సెలవు. సీసంతోపాటు అతనికీ.

అచ్చుపనిలో అంతా తిరగేసి పేర్చాలి. కుడి ఎడమవుతుంది. చేరిన ఏడాది సంపాదకుడు ముచ్చటపడి నిజం చదరంగపు బల్ల ముందు కూర్చోబెడితే, అలవాటు చొప్పున రాజుని మంత్రి గడిలో, మంత్రిని రాజు గడిలో పెట్టాడు. అందరూ పగలబడి నవ్వారు. మళ్లీ ఏ బల్ల ముందూ కూర్చోలేదు. గడుల మధ్యే బతుకు గడిచింది. ఒక్క ఆటా ఆడలేదు.

కానీ ఆరేళ్లుగా, మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఆ సీసపు బలగంతోనే ఒక సమస్య కూరుస్తున్నాడు. తెలుపు మూడెత్తుల్లో ఆట కట్టాలి. ఎవరికీ చూపలేదు. ఇవాళ చూపకపోతే ఇక అచ్చులో చూసుకునే రాత లేదు.

ఖాళీలో దాన్ని పేర్చి ప్రూఫు తీసి పంపాడు.

"ఇదెవరిదయ్యా? కవరు లేదు, పేరు లేదు," గదిలోంచి కేక.

"నాదేనండి."

సంపాదకుడు కళ్లద్దాల మీంచి చూశాడు. "మంత్రి సీట్లో రాజుని కూర్చోబెట్టిన మహానుభావుడివి నువ్వే కదూ?"

"ఇప్పుడు ఎవరి సీట్లో వాళ్లే ఉన్నారండి."

ఆయన బల్ల మీద పావులు పేర్చుకుని అరగంట కదల్లేదు. ఇవతల కంపోజిటరు పెట్టిన అక్షరాన్నే తీసి మళ్లీ పెట్టాడు.

"బావుందయ్యా! ఉద్దండపిండాలు పంపేవాటికంటే బావుంది. ఒక్కటే చిల్లు. సమస్యకి జవాబు ఒక్కటే ఉండాలి కదా, ఏనుగు ఇటుగా వచ్చినా ఆట కట్టేస్తోంది. ఇదిగో, ఈ నల్లగడిలో ఓ నల్లబంటుని పడెయ్. దారి మూసుకుంటుంది. వేసేద్దాం."

"వేస్తారాండీ?"

"బంటుని పెట్టవయ్యా ముందు!"

నల్లగడిలో నల్లబంటంటే గడితో సహా ఒకే సీసపు ముక్క. ఉన్నవన్నీ మిగతా పేజీల బొమ్మల్లో ఇరుక్కున్నాయి. ఒకటి తీస్తే ఇంకొకరి ఆట చెడుతుంది. మోకాళ్ల మీద వంగి, ఆయాసపడుతూ వెతికితే పెట్టెల కింద ఒక్కటి దొరికింది. మొహం నిండా ఎండిన సిరా. గుండుసూదికి లొంగలేదు.

"ఇంటికెళ్లి కిరోసిన్లో నానేసి పొద్దున్నే తెస్తా. అందాకా ఈ పేజీ మిషనెక్కించకు తమ్ముడూ."

"ఒక్క బంటు కోసం పేజీ ఆపమంటావా అన్నా?" అన్నాడు మిషన్‌మాన్.

"ముప్ఫై ఒక్కేళ్లలో నిన్నేమైనా అడిగానా?"

మిషన్‌మాన్ నవ్వలేదు. పేజీని పక్కన పెట్టాడు.

పొద్దున పీట ఖాళీగానే ఉంది. పది గంటలకి అతని బావమరిది వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. "బావ పొద్దున లేవలేదండీ," అన్నాడు, సెలవు చీటీ ఇచ్చినట్టు.

అంతా ముగిసే దాకా సంపాదకుడూ మిషన్‌మానూ ఆ ఇంటి దగ్గరే ఉన్నారు. చావింట్లో సీసం ముక్క అడిగే నోరు ఎవరికుంటుంది? మర్నాడు ఆ ఒక్క గడి తెల్లగా వదిలేసి మిషను తిప్పారు. తర్వాత సంపాదకుడు నాలుగు రోజులు కూర్చుని, మూడు వేల కాపీల్లోనూ ఆ గడిని తన కలంతోనే సన్నగీతలతో నల్లగడి చేసి, బంటుని దిద్దాడు. కింద మాత్రం అచ్చులోనే ఉంది: 'కూర్పు: మా కంపోజిటరు.'

కంపోజిటరు వంటింటి కిటికీలో, చిన్న గిన్నె అడుగున, కిరోసిన్ ఆవిరైపోయింది. సిరా వదిలి మెరుస్తూ, తిరగేసి చూసినా సూటిగా చూసినా ఒకేలా ఉండే బంటు.