మంచిగనే ఉన్నడు

ఇంటికొచ్చిన మనిషి ముందు మొగుణ్ణి తక్కువ చేసి మాట్లాడటం సంగీతకు చేతకాదు. అదే ఆమె కొంప ముంచింది.

ఆమె భర్త బాలరాజ్ బాన్సువాడలో పేరున్న సుతారి మేస్త్రి. అతను కట్టిన గోడకు వంక పెట్టినవాళ్ళు లేరు. నిరుడు బీర్కూర్ రోడ్డు మీద ఓ కారు అతని బండిని గుద్దేసింది. తలకు ఆపరేషన్ చేసి ప్రాణం దక్కించారు. చూడ్డానికి కాళ్ళూ చేతులూ సలక్షణంగానే ఉన్నాయి, దెబ్బంతా లోపలే. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. రెండు వరసల ఇటుకలు పేర్చి, మళ్ళీ వాటినే పీకుతాడు. కోపం వస్తే కన్నకూతురని కూడా చూడడు. ఊళ్ళో ఎవరడిగినా సంగీతది మాత్రం ఒకటే మాట: "మంచిగనే ఉన్నడు." లేకపోతే పిచ్చోడి పెళ్ళాం అనరూ?

ఆ కారుకు బీమా ఉంది. పరిహారం కోసం వకీలు యోగేష్ కేసు వేశాడు. బాలరాజ్ ఇక పని చేసుకుని బతకలేడని కోర్టు నమ్మాలి. నమ్మకపోతే సంగీత చుట్టే బీడీలతోనే అతని మందులూ, కూతురు రవళి చదువూ నడవాలి. యోగేష్ సంతకాలన్నీ చేయించుకున్నాడు గానీ, బీమావాళ్ళు ఇంటికొస్తే ఏం మాట్లాడాలో చెప్పలేదు. తనకు తెలిసింది లోకమంతటికీ తెలుసనుకునే రకం.

ఓ మధ్యాహ్నం చేతిలో ఫోనుతో ఒకతను వచ్చాడు. "బీమా కంపెనీ నుంచమ్మా. మీ ఆయన్ని చూసి పోదామని వచ్చాను" అన్నాడు తియ్యగా. డబ్బులిచ్చేవాళ్ళు గుమ్మంలోకి వచ్చారని సంగీత పొంగిపోయింది. బీడీల చాట పక్కకు నెట్టి, బాలరాజ్‌కు మొహం కడిగి, ఇస్త్రీ చొక్కా తొడిగి, ఇద్దరికీ చాయ్ పెట్టింది. కొత్తవాళ్ళ ముందు బాలరాజ్ ఎప్పుడూ బుద్ధిమంతుడే. నవ్వుతూ వానల సంగతి మాట్లాడాడు.

"పనికి వెళ్తున్నాడామ్మా?"

"పోకేంది సార్! దేవుని దయ, మంచిగనే ఉన్నడు."

ఆ రోజు చేతిలోని ఫోనుతో అతను తీసుకుపోయిన వీడియోను కోర్టులో బీమా వకీలు చూపించాడు. బోనులో నిలబడ్డ సంగీతకు తన గొంతు తనకే చెంపదెబ్బలా తగిలింది. వెనక బెంచీ మీద బాలరాజ్ తన బొమ్మ చూసుకుని మురిసిపోతున్నాడు.

"ఆ రోజు చెప్పింది అబద్ధమా? ఇవాళ చెప్పేది అబద్ధమా?" అడిగాడు వకీలు.

"గా దినం చెప్పిందే అబద్ధం సార్. ఇజ్జత్ పోతదని చెప్పిన."

"అయితే నిజమేంటో చెప్పండి."

చెప్పమని యోగేష్ కళ్ళతో సైగ చేశాడు. బాలరాజ్‌ను కాసేపు బయట కూర్చోబెట్టాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. అంత చదివిన యోగేష్‌కూ రాలేదు.

"రాత్రి పక్క తడుపుతడు సార్, నేనే మారుస్త. బువ్వ నేనే తినిపిస్త. బిడ్డను గోడకేసి కొట్టిండు. పోరి బాపు అడుగుల చప్పుడింటే మంచం కిందికి దూరుతది. ఇటుక మీద ఇటుక పెట్టుడు చాతనైతలేదు. గాయన ఇగ ఏ పనికి రాడు సార్!"

ఏడాదిగా కడుపులో దాచుకున్నదంతా కక్కేసింది. జడ్జి దగ్గర టైపు చేసే అమ్మాయి కూడా ఒక్క క్షణం ఆగింది. సంగీత వెనక్కి తిరిగేసరికి బాలరాజ్ నవ్వడం లేదు.

బయటికి రాగానే యోగేష్ సంబరం పట్టలేకపోయాడు. "అక్కా, మస్తు చెప్పినవ్! ఇగ ఫికర్ చెయ్యకు, కేసు మన దిక్కే ఉంది."

ఆటోలో బాలరాజ్ ఆమె కొంగు పట్టి లాగాడు. "నేను ఏ పనికి రానా?"

సంగీత కొంగు విడిపించుకుని రోడ్డు వైపు తిరిగింది. ఇల్లు చేరేలోపు మరిచిపోతాడులే అనుకుంది. ఇన్నాళ్ళూ తిట్టిపోసిన ఆ మతిమరుపుకే ఆ పూట మనసులో దండం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున బాలరాజ్ కూతుర్ని చూసి ఇదెవరి పిల్ల అన్నాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. సంగీతకు ప్రాణం కాస్త కుదుటపడింది. పళ్ళెంలో అన్నం కలుపుకొచ్చి, పక్కన కూర్చుని, ముద్ద నోటికి అందించింది.

అతను మొహం తిప్పుకున్నాడు.

"ఏ పనికి రానోనికి బువ్వెందుకే?"