దాలినాయుడి చేతి బేడీలు

నేను ఒక జత బేడీలను. ఉత్తరాదిన తాళాలు చేసే ఊళ్లో పుట్టి, రైలెక్కి, శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక చిన్న పోలీసు స్టేషనుకు వచ్చాను. నన్ను చూడగానే దొంగలే కాదు, ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్లూ చేతులు వెనక్కి దాచుకునేవారు. ఏ తప్పూ చేయని చేతులకు నేనంటే భయమెందుకో పోలయ్య వచ్చేదాకా నాకు తెలియలేదు.

పోలయ్య నగల కోసం మనుషుల్ని చంపేవాడు. హెడ్ కానిస్టేబుల్ ఎర్రయ్య, కొత్తగా చేరిన దాలినాయుడు అతన్ని జీపులో కోర్టుకు తీసుకెళ్తుంటే జీడితోటల దగ్గర టైరు పంక్చరైంది. ఎర్రయ్య దిగి టైరు విప్పుతున్నాడు. ఒంటికి పోవాలని పోలయ్య బతిమాలితే, దాలినాయుడు జాలిపడి నన్ను విప్పాడు. మరుక్షణం నేను దాలినాయుడి మణికట్టుకు, జీపు కమ్మీకి మధ్య ఉన్నాను. పోలయ్య జాకీ రాడ్డు తీసుకుని ఎర్రయ్య మీదికి వెళ్లాడు. చెయ్యి తెగేలా దాలినాయుడు నన్ను లాగాడు. వదలకూడదనే చేసిన వస్తువును, వదల్లేదు. ఎర్రయ్య కేకలు కాసేపటికి ఆగిపోయాయి.

పోలయ్య దొరికాడు, యావజ్జీవం పడింది. దాలినాయుడు ఇన్‌స్పెక్టరయ్యాడు. పారిపోయినవాళ్లను పట్టడంలో అతని తర్వాతే ఎవరైనా అనేవారు. వైశాఖపు ఎండల్లోనూ పొడుగు చేతుల చొక్కాయే తొడిగేవాడు. కేసు ముగిశాక నన్ను అడిగి తీసుకుని తన సొరుగులో పెట్టుకున్నాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఏళ్లు గడిచాక, వైద్యానికి ఆసుపత్రికి తెచ్చిన పోలయ్య అక్కణ్ణుంచి తప్పించుకున్నాడు. ఆ కేసు తనకే కావాలన్నాడు దాలినాయుడు. సంగతి విని ఎర్రయ్య భార్య చిన్నమ్మి వచ్చింది.

“నువ్వు ఎల్లకు తమ్ముడా. ఇంకెవులినైనా పంపించమను.”

“నానే ఎల్లాల వదినా.”

“ఎల్తే ఆయనొస్తాడేటి?”

దాలినాయుడు నన్ను తీసి జేబులో వేసుకున్నాడు.

పోలయ్య చెల్లెలి ఇంట్లో మగవాళ్లెవరూ లేరు, అయినా ఆమె రోజూ బీడీకట్ట కొంటోందని కిరాణా కొట్టులో తెలిసింది. ఆమెను అనుసరించి ఉప్పుమళ్ల చివరున్న పాత గోదాము కనిపెట్టాడు. కానిస్టేబుళ్లను రోడ్డు మీద ఉంచి ఒంటరిగా లోపలికి వెళ్లాడు. జుట్టు నెరిసిన పోలయ్య ఉప్పు బస్తా మీద కూర్చుని ఉన్నాడు. పెనుగులాడలేదు. చేతులు చాపాడు.

ఒక చేతికి నేను టక్కుమని పడ్డాను. ఆ చప్పుడుకే దాలినాయుడు బిగుసుకుపోయాడు. రెండో చెయ్యి పట్టుకోవాలి, పట్టుకోలేదు. ఒళ్లంతా చెమట. చూపు ఎటో ఉంది.

“బావూ, ఒంట్లో బాగోనేదేటి?” పోలయ్య నిజంగానే అడిగాడు. అంతలో చొక్కా చేతి కిందనుంచి, అప్పట్లో నేను కోసిన మచ్చ కనబడింది. “ఓలమ్మ, నువ్వా. ఇంకా ఆ జీపులోనే ఉన్నావేటి?”

దాలినాయుడి జేబులోంచి తాళంచెవి తీసుకున్నాడు. తన చెయ్యి విడిపించుకుని, నన్ను అతని చేతికీ కిటికీ ఊచకూ తగిలించాడు. తాళంచెవితో సహా వెనక తలుపు దాటి ఉప్పుటేటి వైపు వెళ్లిపోయాడు. ఈసారి దాలినాయుడు నన్ను లాగలేదు. కేక కూడా వేయలేదు. కానిస్టేబుళ్లు అనుమానమొచ్చి లోపలికి వచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.

నన్ను రంపంతో కోశారు. తర్వాత స్టేషను వెనక తుక్కులో, విరిగిన సైకిళ్ల మీద పడేశారు. దాలినాయుడు సెలవు పెట్టాడు, తిరిగి రాలేదు. ఇంట్లో ఎవరు తలుపు గడియ వేసినా ఒప్పుకోవడంలేదట. కానిస్టేబుళ్లు చెప్పుకుంటే విన్నాను.

ఆ వారమే ఉప్పుటేటి అవతల ఒక పడవవాడి శవం దొరికింది. పడవ లేదు. పోలయ్య జాడా లేదు.

పడవవాడి భార్య పొద్దున్నే వచ్చి స్టేషను వెనక మెట్ల మీద కూర్చుంది. ఏం చెప్పాలో తెలియక ఎవరూ ఆమె దగ్గరకు వెళ్లలేదు. ఎండ ముదిరాక చిన్నమ్మి వచ్చింది. కాసేపు నిలబడి చూసి, పక్కన కూర్చుంది.

“ఏటైనా తిన్నావేటమ్మా?” అని అడిగింది.

ఆమె తల అడ్డంగా ఊపింది. చిన్నమ్మి లేచి వెళ్లి ఇడ్లీల పొట్లం తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.