పై గిన్నెలో పాట

సోమవారం భూపాలపల్లి నుంచి బయలుదేరిన టిఫిన్ డబ్బా శనివారానికి తిరిగి ఇల్లు చేరేది. పోయేటప్పుడు మూడు గిన్నెల్లోనూ విజయ చేసిన జొన్నరొట్టెలు, కారప్పొడి, పచ్చడి ఉండేవి. వచ్చేటప్పుడు కింది రెండు గిన్నెలు ఖాళీ. పై గిన్నెలో మాత్రం జనగామలో సంగీతం చదువుతున్న కూతురు దీప ఆ వారం నేర్చుకున్న పాట ఉండేది.

ఇంటి నుంచి వచ్చిన గిన్నెను ఒట్టిగా పంపకూడదు. హాస్టల్లో ఉండే పిల్ల దగ్గర పంపడానికి ఏముంటుంది? అందుకని గిన్నెలోకి వంగి పాడి మూత పెట్టేది. కండక్టర్లకు కూడా అలవాటైపోయింది.

"కూరనా, పాటనా? పాటయితే నిటారుగ పెట్టు. మలుపుల కాడ ఒలుకుతది" అని డబ్బాను కాళ్ల సందున పెట్టుకునేవాళ్లు.

బొగ్గుబాయిలో పనిచేసే బాల్‌సింగ్‌కు బిడ్డ గురించి నిమిషం నిమిషం రంధే. రోజూ ఫోను చేసేవాడు. తిన్నవా, గొళ్లెం పెట్టుకున్నవా, గిన్నె చింతపండుతో తోమినవా, పాడంగనే మూత పెట్టకు, ఊపిరి వేడికి చెమ్మ పట్టి పాట మెత్తబడుతది. ఫోను పెట్టేసే ముందు ఎప్పుడూ ఒకటే మాట: "సార్ చెప్పినట్టు ఇను."

అది ఊరి పెద్దలు కలిసి నడిపే సాయంత్రపు సంగీత కళాశాల. అక్కడ పరీక్ష పాసైతే గురుకుల బడుల్లో సంగీతం టీచరు కొలువు దొరుకుతుంది. విజయలాగ బిడ్డ పత్తిచేన్లో నడుము వంచకూడదని బాల్‌సింగ్ పంతం.

అంతలో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బాయి మూతపడింది, బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. మూడు వారాలు డబ్బా రాలేదు. నాలుగో శనివారం తండా పిల్లగాడు జైసింగ్ మిర్చి ట్రాలీలో తెచ్చి ఇచ్చాడు.

"పొద్దున్నే పాడింది కాకా. నా ముందటనే మూత పెట్టింది."

విజయ మూత తీసింది. తీసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మోరీ దగ్గరికి ఉరికి కక్కుకుంది. ఎండాకాలం మూడు రోజులు మరిచిపోయిన పప్పు మీద ఎవరో అత్తరు చల్లినట్టుంది ఆ కంపు. బాల్‌సింగ్ చప్పున మూత పెట్టి ఫోను తీశాడు.

"ఏందే, గిన్నె తోమకుంటనే పంపుతున్నవా?"

"తోమిన బాపు."

"తోమితే గింత కంపెందుకు?"

"తోమితే పోదు బాపు" అని దీప ఫోను పెట్టేసింది.

విజయ మూతి తుడుచుకుంటూ వచ్చింది. "తిట్టుడే గని, పిల్ల ఏం పాడిందో ఇన్నవా?"

ముక్కు మూసుకుని విన్నారు. రేగొండ యాకమ్మ పాట. ఉద్యమంలో కొడుకు నారాయణ ప్రాణం పోయినప్పుడు ఆమె వాకిట్లో కూర్చుని పాడిన పాట. సమ్మె టెంట్లన్నిట్లో అదే పాడుతున్నారు. 'కొడుకా నారాయణా, గడప కాడ నీ చెప్పులెదురు చూస్తున్నయి' అని ఉంటుంది. గిన్నెలో మాత్రం దీప గొంతు ఇలా పాడింది: 'అన్నా శివాజన్నా, గడప గడప నీకెదురు చూస్తున్నది.'

పాట అయిపోయింది. కంపు మాత్రం గిన్నెను వదల్లేదు. బూడిద వేసి తోమినా, ఇటుకపొడి వేసి తోమినా పోలేదు. మర్నాడు బాల్‌సింగ్ ఆ గిన్నె పట్టుకుని జైసింగ్ ట్రాలీ ఎక్కాడు.

కళాశాల శివాజీ నూనె దుకాణం మీద మేడలో ఉంది. రాష్ట్రం కోసమని పొద్దున పదవికి రాజీనామా ఇచ్చి సాయంత్రానికల్లా ఆ సంతకం నాది కాదన్న నాయకుడు ఈ శివాజీయే. ఈ రోజు ఊళ్లో సభ అతనిదే. మెట్ల మీద జిడ్డు, గోడ మూలల్లో పాన్ ఉమ్మిన ఎర్రటి చారలు. పైన తంబుర పక్కనే ఒక తొట్టి, అందులో ఉమ్ముతూ రామ్మోహన్ సార్.

"దీప నాన్నగారా? రండి రండి" అన్నాడు. పుట్టింది పక్కనే రఘునాథపల్లిలో. మాట్లాడేది సినిమాల్లోని తెలుగు. "అమ్మాయి గొంతు బంగారమండీ. ఆ తండా యాసే, నోట్లో గటక ముద్ద పెట్టుకుని పాడినట్టు ఉండేది. ఇప్పుడు దారికొచ్చింది లెండి."

"పాట కంపు కొడుతున్నది సార్."

"తెలుసండీ. సభ అయ్యాక గిన్నె మార్చేయండి." సార్ నవ్వాడు. పళ్ల సందుల్లో ఎర్రటి తుక్కు. "మనకు మేడ ఊరకే ఇచ్చారు శివాజీగారు. పేరొకటి మారిస్తే పోయినవాడు వచ్చి అడుగుతాడా? వచ్చే నెల పరీక్షలో మార్కులు వేసేది నేనే, గుర్తుంచుకోండి."

బాల్‌సింగ్ చేతులు వాటంతట అవే లేచి జోడించుకున్నాయి, నోరు "మంచిది సార్" అంది. మెట్లు దిగుతూ తన చేతులు తాను చూసుకున్నాడు. గిన్నెను చూస్తే పుట్టిన రోత ఆ చేతులను చూస్తే పుట్టిన రోత ముందు ఏ మూలకూ రాదు.

దీప కింది మెట్టు మీద కూర్చుని ఉంది. పిల్ల చిక్కిపోయింది.

"ఎందుకు పాడినవే?"

"నువ్వే గద బాపు రోజూ చెప్పేది, సార్ చెప్పినట్టు ఇను అని."

అతను బిడ్డ పక్కన కూర్చుని గిన్నెను ఒళ్లో పెట్టుకున్నాడు.

"మాపు సభల నువ్వు పాడంగ నేను ముందట నిలబడి గిన్నె పడుత. పోయేటప్పుడు రేగొండ తొవ్వలనే గద. యాకమ్మక్కకు ఇచ్చి పోత. ఆమె కొడుకు పాట ఆమెకే ముట్టాలె."

"ఏ పేరుతోని పాడాలె బాపు?"

"గది నన్నడుగకు బిడ్డా. నా మాట ఇని ఒకపారి చూసినవు గద."

సభ నిండా బిర్యానీ పొట్లాల వాసన. శివాజీ మెడలో మోకాళ్లదాకా బంతిపూల దండ. దీప మైకు ముందు నిలబడి, జనం నడుమ తండ్రి ఎత్తి పట్టుకున్న గిన్నెను చూసింది. కళ్లు మూసుకుంది.

"కొడుకా నారాయణా..."

తండా యాసలో, నోటినిండా గటక ఉన్నట్టే పాడింది. నమస్కారం పెట్టబోయిన శివాజీ చేతులు దండ దగ్గరే ఆగిపోయాయి. రామ్మోహన్ సార్ ఉరికి మైకు తీగ పీకాడు. జనం దగ్గడం కూడా మానేశారు కాబట్టి పాట చివరిదాకా వినిపించింది. బాల్‌సింగ్ మూత పెట్టబోయి, చెమ్మ పడుతుందని ఆగి, పెట్టాడు. గిన్నెకు ఏ కంపూ లేదు.

రేగొండలో యాకమ్మ గడప పక్కన చెప్పులు ఇంకా అట్లనే ఉన్నాయి. బాల్‌సింగ్ ఇచ్చిన గిన్నెను ఆమె ఒళ్లో పెట్టుకుని విన్నది.

"నా కొడుకు పేరు సక్కగ పిలిచింది పొల్ల" అని లోపలికి పోయింది. చాలాసేపటికి వచ్చి మూత పెట్టిన గిన్నె చేతికిచ్చింది. "ఒట్టి గిన్నె పంపొద్దు తమ్మీ."

మర్నాడే హాజరు పట్టీలో దీప పేరు కొట్టేశారు. పరీక్ష లేదు, కొలువు లేదు. పెట్టెతో ఇంటికొచ్చిన బిడ్డ ముందు విజయ ఆ గిన్నె పెట్టింది. మూత తీస్తే జోలపాట. నారాయణ చిన్నప్పటిది కావచ్చు, ముగ్గురిలో ఎవరూ ఎన్నడూ విననిది. సగందాకా వచ్చి ఆగిపోయింది. దీప గిన్నె వంచి చూసింది. ఇంక లేదు.

"తక్కిందానికి నేనే పోవాలె యాడీ" అంది తల్లితో.

బస్సులు తిరిగిన మొదటి సోమవారం కండక్టరు డబ్బా కోసం చెయ్యి చాపాడు. "జనగామకేనా?"

"రేగొండకు" అన్నాడు బాల్‌సింగ్. "డబ్బా ఒక్కటే కాదు, పిల్ల గూడ."

కిటికీలోంచి దీప తండ్రి వైపు చూసింది, అతను ఎప్పుడూ చెప్పే ఆ ఒకటే మాట కోసం. అతను నోరు తెరిచాడు. మళ్లీ, చెమ్మ ఆరేదాకా ఆగి గిన్నె మీద మూత పెట్టినంత నెమ్మదిగా, మూసుకున్నాడు.