బండికి ఆషాఢం

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. చీపురుపల్లి వైపు ఎండ కాస్తోంది. గజపతినగరం వైపు నుంచి నల్లటి మబ్బొకటి వచ్చి, ఊరవతల గంటి చేల మీద నాలుగు చినుకులు రాల్చి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి మళ్ళింది.

బండ్లు చేసే సోములు వాకిట్లో కూర్చుని ఉలికి పదును పెడుతున్నాడు. పక్క ఊరి ఎల్లాజీ పెరటి దారిన గడ్డిబండి తోలుకుని వచ్చాడు. సోములు ఇంట్లో పశువు లేదు. గడ్డి ఎవరికో అర్థం కాలేదు.

"బావా, కూసింత సాయం పట్టు. ఈదిలో ఎవులైనా సూసినారేటి?"

గడ్డి తీస్తే కింద చక్రం ఉంది. మాఘమాసంలో సోములు చేసిచ్చిన గూడుబండి చక్రం.

ఆ పల్లెల్లో కొత్త బండి ఒకసారి వడ్రంగి వాకిలి దాటితే మళ్ళీ ఆ వాకిట్లోకి రాకూడదు. వచ్చిందంటే ఇద్దరి పరువూ పోయినట్టే. చేసినవాడికి పని రాదంటారు, చేయించుకున్నవాడు మోసపోయాడంటారు. అందుకని ఏ మరమ్మతు వచ్చినా సోములే సంచి భుజాన వేసుకుని బండి ఉన్న చోటికి వెళ్ళేవాడు.

వంకలు వినడం సోములుకి కొత్త కాదు. గూడుబండి అంటే ఇంటిల్లిపాదీ ఎక్కేది. పెళ్ళికి, పురిటికి, రామతీర్థం వెళ్ళడానికి అదే. ఎక్కిన ప్రతివాళ్ళకీ ఒక మాట ఉంటుంది. గూడు ఎత్తు చాలక మా అత్త కొప్పు చెదిరిపోతోందని ఒకాయన కబురు పెట్టాడు. సోములు వెళ్ళి గూడు ఎత్తు చేశాడు. ఇప్పుడు ఆవిడ రోజూ బండెక్కుతానంటోంది, మళ్ళీ దించెయ్యమని నెల తిరక్కుండా ఆయనే కబురు పెట్టాడు. బండి బొత్తిగా చప్పుడు చెయ్యడం లేదు, అల్లుడొచ్చేది ముందుగా తెలియడం లేదని ఇంకొకావిడ గొడవ.

ఎల్లాజీ చెప్పింది అలాంటిది కాదు.

"కుండ మూలుగుతాది బావా. కందెనేసినాను. అయినా మూలుగుతాది."

చక్రం నడుమ, ఆకులనే అడ్డకర్రలన్నీ వచ్చి దిగే గుండ్రటి దిమ్మని కుండ అంటారు. సోములు చక్రాన్ని పడుకోబెట్టి, ఇరుసు దూరే బెజ్జానికి అడుగున బంకమన్ను అదిమి, చెంబుడు నీళ్ళు పోశాడు. నీళ్ళు కాసేపు నిలిచాయి. తర్వాత కుండ పక్కనుంచి చెమట పట్టినట్టు సన్నగా ఊరాయి. సోములు వేలితో ఆ తడిని తుడిచాడు. మళ్ళీ ఊరింది.

అతనికి అంతా తెలిసిపోయింది. మాఘమాసం చివర్లో మూఢం వస్తోందని, ఆలోగా బండి కట్టాలని నలుగురు తొందరపెట్టారు. మూఢంలో కొత్త బండికి ఎడ్లు కట్టరు. చెరువు బురదలో నానేసిన తుమ్మదుంగ పైకి తీశాక నీడన ఏడాది ఆరాలి. సోములు ముహూర్తం చూశాడు గాని దుంగని చూడలేదు. పైకి ఆరినట్టే ఉన్న కర్ర లోపల తడి దాచుకుంది. రోహిణీ ఎండలకి ఆ తడి లాగేసి, కర్ర కడుపులోంచి పగిలింది. నాలుగు బండ్ల కుండలూ ఆ దుంగలోవే.

"నాలుగూ ఎనక్కి తెప్పించాల," అన్నాడు.

"నీ అంతట నువ్వే నా పని బాగోలేదని డప్పు కొట్టించుకుంటావా?"

"కొట్టించుకుంటాను."

"జగన్నాధం నాయుడి బండి కూడానా?"

"అదే ముందు."

ఎల్లాజీ తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుని, చక్రాన్ని గడ్డి కింద దాచుకున్నాడు. "అయితే నాను ఎల్తన్నాను. నన్ను సూడలేదని సెప్పు."

జగన్నాధం నాయుడి బండే ముందని సోములు ఊరికే అనలేదు. ఆయన కూతురు తాయారుని చీపురుపల్లి దగ్గర ఇచ్చారు. ఆ పిల్లకి నెలలు నిండాయి. పురిటికి ఇంటికి తేవాలి. దారిలో చంపావతి దాటాలి, ఏట్లో ఇసకా రాళ్ళూ దాటాలి. అక్కడ కుండ విడిపోతే చక్రం పడుకుంటుంది, బండి ఒరుగుతుంది. ఆ పైన తలచుకోవడం సోములుకి ఇష్టం లేకపోయింది. అంబలి కూడా తాగకుండా బయల్దేరాడు.

ఊరి రెండో కొసన జగన్నాధం నాయుడు తన సావిట్లో బండి పక్కనే మంచం వేసుకుని ఉన్నాడు. గూటికి ఆముదం రాయించి, అది మెరుస్తుంటే చూస్తున్నాడు.

"ఏరా సోములూ, ఇలగొచ్చినావు."

"బండి సూద్దారని."

"సూడు, కళ్ళారా సూడు. మొన్న సమితి జీపు బురదలో దిగడిపోనాది. ఏటితో లాగించినాననుకున్నావు? ఈ బండికి మోకేసి కట్టి లాగించినాను. ఆపీసరు దిగి దండం పెట్టినాడు."

సోములు ఆ మాట వింటూనే చక్రం దగ్గరికి వెళ్ళాడు. కిందికి వంగి కుండ మీద వేలిముడితో కొట్టాడు. గట్టి కర్ర ఖంగుమంటుంది. ఇది ముసుగులోంచి పలికినట్టు పలికింది.

"కుండలు మార్చాల బాబూ. మా ఇంటికి తోలించండి."

"ఏటి?"

"లోపల పగులున్నాది."

"నువ్వు లోపలికెల్లి సూసినావా?"

"ఇంకో బండికి వొచ్చినాది."

"వస్తే దానికి మార్చు. నా బండికి వొంకెడతావేటి? జగన్నాధం బండి వడ్రంగోడింటికి తిరిగెల్లిపోనాదని నలుగురూ అనుకోరా? సేసినోడివీ నువ్వే, బాగోలేదన్నోడివీ నువ్వే. పోరా, పోయి పడుకో."

"అమ్మాయిని మాత్రం దీన్లో తేవద్దు బాబూ," అన్నాడు సోములు. ఇంకా చెప్పాలనుంది. కర్ర చెక్కినంత సులువుగా అతనికి మాట రాదు. నాయుడు ముఖం తిప్పుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య జగ్గమ్మ గోరింటాకు రుబ్బుతోంది. ఎల్లుండి నుంచి ఆషాఢం. సోములు జరిగింది చెప్పాడు. జగ్గమ్మ రోలు మీద చెయ్యి ఆపకుండానే వింది.

"బండి తోలండి అంటే ఎవులు తోల్తారు?" అంది. "మాఘమాసంలో ఆ నాలుగింటినీ ఎలగ పంపినాను? కాడికి పసుపు రాసి, బొట్టెట్టి, రవికల గుడ్డ కట్టి పంపినాను. కళ్ళంట నీళ్ళెట్టుకున్నాను."

"నాలుగింటికీనా?"

"నాలుగింటికీ ఏడ్సినాను. నువ్వు సూసినావేటి? మరి మొదటేడు ఆషాఢానికి ఆడపిల్లని పుట్టింటికి పిలవాలా, వొద్దా?"

సోములు ఆవిడ పక్కన చతికిలబడ్డాడు. జగ్గమ్మ చెయ్యి చాపమని, అతని చిటికెన వేలికి గోరింటాకు పెట్టింది. వడ్రంగం చేసే చేతికి ఇదేమిటని అతను అననైనా అనలేదు.

ఆషాఢం మొదటి రోజున జగ్గమ్మ పసుపు, కుంకం, పళ్ళూ ఉన్న గంప నెత్తిన పెట్టుకుని నాయుడింటికి వెళ్ళింది. సోములు వెనకాల నడిచి చూరు కింద నిలబడ్డాడు. జగ్గమ్మ ఆ ఇంటి ఇల్లాలు లక్ష్మీనరసమ్మని ఎప్పుడూ అమ్మా అని పిలిచేది. ఆ రోజు మాత్రం గంప దించి, "వొదినా, మా పిల్లని ఆషాఢానికి పంపాల," అంది.

లక్ష్మీనరసమ్మ గంపని చూసింది. సావిట్లో బండిని చూసింది. చూరు కింద సోములుని చూసింది. మొన్న మొగుడు వేసిన కేకలు విన్నప్పటి నుంచి ఆవిడకి తాయారు గురించే బెంగ. వెంటనే పీట వాల్చింది.

"అయ్యో వొదినా, మీరింత దూరం రావాలా? కబురెడితే మేవే పంపుదుం."

జగన్నాధం నాయుడు లోపల్నించి వచ్చాడు. "ఏ పిల్లే? ఎవుల పిల్ల?"

"మీ సావిట్లో ఉన్న మా పిల్ల," అంది జగ్గమ్మ.

"బండికి ఆషాఢమేటే?"

"ఎందుకుండదు?" లక్ష్మీనరసమ్మ అందుకుంది. "వొదిన గంప నెత్తినెట్టుకుని వొచ్చినాది. పంపలేదంటే ఊళ్ళో ఏటంటారు? జగన్నాధానికి మర్యాద తెలీదంటారు."

నాయుడు మీసం మీద చెయ్యి వేశాడు. బండి తిరిగెళ్ళిందంటే ఒక తలవంపు, ఆడపిల్లని పంపలేదంటే ఇంకొక తలవంపు. రెండోదే పెద్దది.

"మరి తాయారో? దాన్నెలగ తెస్తాను?"

"ముందు దీన్నే తిప్పి పంపుతాం బాబూ. కడుపులో బిడ్డకి ఆషాఢం తెలీదు గదా," అంది జగ్గమ్మ. "ఒక్క మాట. ఆషాఢంలో అల్లుడు అత్తారి గడప తొక్కకూడదు. తవరు అటు రావొద్దు."

పని చేస్తుంటే నాయుడు నెత్తి మీద నిలబడతాడన్న భయం సోములుకి దారి పొడుగునా ఉంది. చూరు కింద అతను తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు.

నాయుడి బండి వీధి వెంట వెళ్ళింది. ఎడ్ల కొమ్ములకి రంగు, కాడికి పసుపు, గూటికి మామిడాకు. జనం వాకిళ్ళలోకి వచ్చి చూశారు. ఆ కబురు ఊళ్ళు దాటింది. ఎల్లాజీ ఈసారి పెరటి దారిన రాలేదు, వీధిలోంచి గంటలు మోగించుకుంటూ వచ్చాడు. మిగతా రెండు బండ్ల వాళ్ళు పిలవకముందే తోలుకొచ్చారు. ఆఖరికి నెల్లిమర్ల నుంచి ఒక ముసలాయన ఎప్పుడో సోములు తండ్రి చేసిన బండి తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు.

"దీనికి మొదటి ఆషాఢం కాదు గదా తాతా," అంది జగ్గమ్మ.

"అప్పుడు పిలవలేదు గదమ్మా. అదింకా కుములుతున్నాది."

దానికీ బొట్టు పెట్టారు. వీధి ఆడపిల్లలు బండ్ల ముందుకి చాచిన నొగలకి గోరింటాకు చుక్కలు పెట్టి, పండిందా లేదా అని రోజూ వచ్చి చూసుకునేవారు.

కొత్త కుండలకి ఆరిన కర్ర కావాలి. సోములు నిచ్చెన వేసుకుని చూరు కింది వేగిస దుంగ దించాడు. వాళ్ళ నాన్న ఎక్కించిన దుంగ అది. ఎండాకాలంలో వాళ్ళింటి ద్వారబంధం చెదలు తినేస్తే పీకేశారు. దాని స్థానంలో జనపమిల్లు గోనె వేలాడుతోంది. ఈ దుంగతో కొత్త గడప, ద్వారబంధం చెయ్యాలని అనుకున్నారు.

"మరి గుమ్మం?" అంది జగ్గమ్మ.

"గోనె ఉన్నాది గదా."

జగ్గమ్మ చీపురు తెచ్చి చెక్కపొట్టు ఒక పక్కకి ఊడ్చింది.

నాయుడి చక్రాలు విప్పిన రోజు సన్నగా జల్లు పడుతోంది. కంచెకి అవతల, వీధిలో, గొడుగు కింద నాయుడు నిలబడి ఉన్నాడు. గడప తొక్కలేదు గాని కళ్ళు మాత్రం లోపలే ఉన్నాయి.

"సోములూ, ఆ ఆకు వొంకరున్నాదిరా."

"మీరు పక్కనించి సూస్తన్నారు బాబూ," అన్నాడు ఎల్లాజీ.

సోములు ఆకులన్నీ ఊడదీసి, పాత కుండని నేల మీద పెట్టి, కొయ్యసుత్తితో ఒక్కసారి తట్టాడు. గట్టిగా కూడా కాదు. కుండ గుమ్మడికాయలా రెండు చెక్కలైంది. ఒక చెక్క వాలుకి దొర్లుకుంటూ కంచె కిందనుంచి వెళ్ళి నాయుడి కాళ్ళ దగ్గర ఆగింది.

ఆయన గొడుగు మూసి వంగాడు. చెక్కని చేతిలోకి తీసుకుని పగులు వెంట బొటనవేలు జరిపాడు. అది లోపలి నుంచి అంచు దాకా పాకింది. పైన పగలకుండా మిగిలింది గోరంత. చినుకులు బట్టతల మీద పడుతున్నా ఆయనకి తెలిసినట్టు లేదు.

"దీనితోనేరా జీపు లాగించినాను," అన్నాడు. "తాయారుని ఎక్కిద్దునే."

ఆ చెక్కని కండువాలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆకు వంకర మాట ఎవరి దగ్గరా ఎత్తలేదు.

చక్రాలు తయారై, పిడకల మంటలో కాల్చిన ఇనప పట్టాలు ఎక్కి, నీళ్ళు పోయగానే చుయ్యిమని బిగుసుకున్నాయి. బండి తాయారు కోసం వెళ్ళింది. నాయుడు లోపల కూర్చున్నాడు. సోములు ఎక్కలేదు. చీపురుపల్లి దాకా, తిరిగి చంపావతి దాకా, చక్రం పక్కనే చెవి వొగ్గి నడిచాడు. ఏట్లో నీళ్ళు మోకాలి బంటి ఉన్నాయి. రాళ్ళ మీద ఎక్కి దిగినప్పుడల్లా ఇంకా దగ్గరికి వంగేవాడు. కుండ ఒక్కసారైనా మూలగలేదు. ఒడ్డెక్కాక గూట్లోంచి తాయారు తల బయటకి పెట్టింది.

"సోములు బాబాయ్, ఏరెప్పుడొస్తాది?"

"దాటేసినాం అమ్మా."

"దాటేసినామా? నాను నిద్రోయినాను."

ఊరి మొదట్లో వాన అందుకుంది. దగ్గర్లో ఉన్నది సోములు ఇల్లే. ఎల్లాజీ అక్కడే ఉన్నాడు. తాయారుని జగ్గమ్మ పొదివి పట్టుకుని లోపలికి తీసుకువెళ్ళింది. నాయుడు మాత్రం చూరు నీళ్ళ కింద తడుస్తూ గోనె ముందు ఆగిపోయాడు.

"రండి నాయుడు బాబూ," అంది జగ్గమ్మ.

"గడప తొక్కకూడదన్నావు గదే."

జగ్గమ్మ గోనె పైకెత్తింది. "సూడండి, గడపున్నాదేటి?"

కింద వట్టి మన్ను. ద్వారబంధం పీకిన చోట రెండు గుంటలు.

"మా గడప మీ బండి కుండల్లో ఉన్నాది," అంది. "తొక్కడానికి ఇక్కడేటీ మిగల్లేదు. రండి."

నాయుడు ఆ గుంటల్ని చూశాడు. వెనక్కి తిరిగి వానలో తడుస్తున్న చక్రాన్ని చూశాడు. సోములుని చూశాడు. తల వంచి లోపలికి వచ్చాడు.

"మావా అని పిలిపించుకునే వొయసులో అల్లుడైపోనారు," అన్నాడు ఎల్లాజీ. తాయారు నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకుంది.

జగ్గమ్మ అడ్డాకుల విస్తళ్ళు వేసింది. వేడన్నం, ఆషాఢం గదా ములగాకు పప్పు, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ఉలవచారు. అందరూ గోడ వారన కూర్చున్నారు. ఎల్లాజీ ఒకటి రెండు మాటలు మొదలుపెట్టి, ఎవరూ అందుకోకపోయేసరికి ముద్దలో పడ్డాడు. వాన పెద్దదైంది. గాలికి గోనె ఉబ్బి, మళ్ళీ వాలింది. నాయుడు పప్పు కోసం విస్తరి కొంచెం ముందుకి జరిపాడు, జగ్గమ్మ వడ్డించింది. తాయారు రెండోసారి అన్నం పెట్టించుకుంది. సోములు, గోరింటాకు పండిన చిటికెన వేలు పక్కకి పెట్టి, చారు కలుపుకున్నాడు.