వదిలేసిన సామాను

ఆదివారం మ్యాట్నీ అంటే ఆ సినిమాహాలు గేటు దగ్గర చేటచెవులత్త ఉండాల్సిందే. టికెట్ చింపి సగం చేతిలో పెడుతూ, ఆ రోజు సినిమాని బట్టి జాగ్రత్తలు చెప్పేది. అక్కడ వేసేవన్నీ పాతకాలపు సాహసయాత్రల సినిమాలు, కెమెరాలు మోసుకుని కొండలూ ఎడారులూ పట్టుకు తిరిగినవాళ్ళు తీసినవి. భలే ఉంటాయి లెండి, ఒకటి చూస్తే ఇంకోటి చూడకుండా ఉండలేరు. కాకపోతే తెర మీద ఏముంటే అది హాల్లోకి దిగేది. సముద్రం సినిమాకైతే జనం చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఎడారి సినిమా అయ్యాక ఇసుక తట్టలతో ఎత్తేవాళ్ళు. ఓసారి ఒంటెపిల్ల దిగొస్తే పాలవాడు తోలుకుపోయాడు.

ఆ వారం మంచుకొండ సినిమా. అందరూ రగ్గులు తెచ్చుకున్నారు. అత్తకి మాత్రం పొద్దున్నుంచీ కాలు నిలవలేదు. తను ఉయ్యాల్లో ఉండగా వాళ్ళ నాన్న మూటలు మోయడానికి వెళ్ళింది ఆ కొండకే. మంచులో జారిపోయాడని వాళ్ళమ్మకి కబురొచ్చింది, అంతే.

గేటు వేసి వచ్చి వెనక నిలబడింది. సగం సినిమాలో ఆయన కనిపించాడు. అచ్చం తన చెవులే. జారిపోలేదు, పాడూలేదు. కాలు విరిగి డేరా ముందు కూర్చుని, కిందికి దిగిపోతున్నవాళ్ళ వైపు చెయ్యి ఊపుతున్నాడు. సినిమాలో కథ చెప్పే గొంతు దర్జాగా చెప్పింది, బరువు తగ్గించుకోవడానికి కొంత సామాను పైనే వదిలేశామని. తర్వాత కిందికి దిగినవాళ్ళకి దండలు, పతకాలు. హాల్లో జనం కూడా చప్పట్లు కొట్టారు.

అత్త ఒళ్ళు మండిపోయింది. ఆవిడ చుట్టూ రాలిన మంచు రాలినట్టే కరిగిపోయింది. విసవిసా మెట్లెక్కి ఆపరేటర్ గదిలోకి వెళ్ళింది. ఆపరేటర్ ఆవిడ సొంత అల్లుడే. రీలు వెనక్కి నడపమంది. మేనేజర్ పరుగెత్తుకొచ్చి, రీలు తెగితే ఇద్దరి ఉద్యోగాలూ ఊడతాయన్నాడు. ఎప్పుడో జరిగిపోయినదానికి ఇప్పుడెందుకు రాద్ధాంతం అన్నాడు.

"జరిగిపోయింది నీకు. ఆయన ఇంకా అక్కడే కూర్చునున్నాడయ్యా," అంది అత్త.

అల్లుడు ఇద్దరినీ చూశాడు. మేనేజరుతో వేగేది హాల్లోనే, ఈవిడతో ఇంట్లో కూడా వేగాలి. రీలు వెనక్కి తిప్పాడు.

పతకాలు ఊడాయి. దండలు వేసినవాళ్ళ చేతుల్లోకే వెళ్ళిపోయాయి. దిగినవాళ్ళంతా వెనక్కి వెనక్కి ఎక్కి డేరా దగ్గరికి చేరారు. అక్కడ బొమ్మ ఆపించి, అత్త కిందికి వచ్చి తెర ముందు నిలబడింది.

"ఏమయ్యా నాయకుడూ, మూటలు మోసినన్నాళ్ళూ మనిషి. కాలు విరగ్గానే సామానా? ఎత్తుకోండి ముందు."

ఆగిన బొమ్మలోనే నాయకుడు టోపీ తీసి తల వంచాడు. ఇక నడపమని అత్త అల్లుడికి చెయ్యి ఊపింది.

ఈసారి ఇద్దరు ఆయన్ని భుజాలకెత్తుకున్నారు. బరువెక్కువైందని కెమెరా పెట్టెని పైనే వదిలేశారు. ఇంకేముంది, ఆ తర్వాత బొమ్మ లేదు, ఒట్టి తెల్ల తెర. పతకాలూ లేవు. ఆ తెలుపులోంచి కుంటుకుంటూ ఒకడు దిగొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, అల్లుడి కంటే చిన్నవాడు.

"ఇంటికి దారెటమ్మా? ఉయ్యాల్లో పసిపిల్ల ఉంది నాకు," అన్నాడు.

అత్తకి కోపం ఇంకా దిగలేదు. ఆయన భుజాల మీద మంచు దులుపుతూ, ఇంత ఆలస్యమా నాన్నా అని అందరి ముందూ కేకలేసింది. పట్టుకున్న చెయ్యి మాత్రం ఇల్లు చేరేదాకా విడవలేదు.