ఆరు కప్పలు, ఆరు గూళ్లు

నా నోటికి హద్దు లేదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ తిట్టేది. నిజమే. ఆ నోటితోనే బక్కమ్మ కొంప ముంచాను.

అది డెబ్భైరెండు, కరువు సంవత్సరం. మా ఆయన వీర్రాజు ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం భీమవరం నుంచి పటాన్‌చెరు పక్క క్వార్టర్లకు వచ్చాం. నా జంతుశాస్త్ర పరిశోధన కూడా మూటాముల్లెతో వచ్చింది. విషయం రెండు నిద్రలు. మన చెరువు కప్ప ఎండాకాలంలో బురదలోకి దూరి వాన పడేదాకా లేవదు. చలిదేశపు చిమ్మట, అంటే మన పట్టుపురుగుకు దూరపు చుట్టం, గూడు కట్టుకుని మంచుకాలమంతా పడుకుంటుంది. ఆ చలి తగలకపోతే తర్వాత ఎంత వెచ్చగా ఉంచినా సరిగా లేవదు. నిద్రలో ఏది ఎంత బరువు తగ్గుతుందో పోల్చాలి. వరండాలో చెరువుమట్టి కుండల్లో ఆరు కప్పలు. ఐసుపెట్టెలో, పోస్టులో వచ్చిన ఆరు గూళ్లు. "పురుగులకి చల్లదనం, నాకు పులిసిన పెరుగూనా?" అని వీర్రాజు రోజూ గొణిగేవాడు.

మా ఇంట్లో పనిచేసే బక్కమ్మకు ఆ కుండలంటే అసహ్యం. ఆమె భర్త పెద్దరాములు కొత్త షెడ్డు కడుతూ పైనుంచి పడ్డాడు. తలకు దెబ్బ. పట్నం ఆసుపత్రిలో నెల ఉంచుకుని ఇంటికి పంపేశారు. కళ్లు తెరవడు, పలకడు. నోట్లో గంజి పోస్తే మింగుతాడు, అంతే.

ఒకరోజు నేను కప్పను తూకం వేస్తుంటే బక్కమ్మ దగ్గరికొచ్చింది.

"సచ్చిందా అమ్మా?"

"చావలేదే. నిద్ర. ఊపిరి కూడా కనపడదు చూడు. వాన పడనీ, లేచి గెంతుతుంది."

"మరి గా ఐసుల పురుగు?"

"దానికి చలి కావాలి. నాలుగు నెలలు చల్లగా ఉంచి బయట పెడితే లేస్తుంది."

బక్కమ్మ చాలాసేపు కప్పనే చూసింది. "గట్లనా! ఊపిరి కనపడకున్నా లేస్తదా?" అంది. లేస్తుందని గట్టిగా చెప్పాను. నా చదువంటే నాకంత మురిపెం.

ఆ మర్నాటి నుంచి కుండల దగ్గర చీపురు చప్పుడు కాకుండా ఊడ్చేది. ఆషాఢం దాటినా చినుకు లేదు. ఊళ్లో ఆడవాళ్లు రోకలికి వేపమండలతో కప్పను కట్టి ఇంటింటికీ తిప్పారు. గడప గడపలో కప్పతల్లి మీద బిందెలతో నీళ్లు పోశారు. ఆ రోకలి పట్టుకుని ముందు నడిచింది బక్కమ్మ. గుంటెడు భూమి లేని మనిషి!

"నీకెందుకే ఇంత తాపత్రయం?" అని నవ్వాను.

"వాన గావాలె అమ్మా. మా పెనిమిటి లేవాలె."

మనిషి కప్ప కాదే పిచ్చిదానా అని అప్పుడైనా చెప్పొచ్చుగా? ఆ మొహం చూసి మాట రాలేదు. వాగాల్సినప్పుడు వాగదు, ఏం నోరో ఇది.

శ్రావణం చివర్లో ఒక మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. కుండల్లో మట్టి కదిలింది. ఆరుకు ఆరూ బయటికొచ్చి బెకబెకమన్నాయి. సంబరంగా రాసుకుంటున్నాను. అంతలో బక్కమ్మ గుర్తొచ్చింది. గొడుగైనా తీసుకోకుండా పరిగెత్తాను.

మంచం వాకిట్లో ఉంది. పెద్దరాములు వానలో పడుకుని ఉన్నాడు. బక్కమ్మ అతని మొహం మీది నీళ్లు కొంగుతో తుడుస్తూ, "లే, వానొచ్చింది, జల్దీ లే" అని పిలుస్తోంది. పక్కింటి మల్లమ్మా నేనూ మంచం లోపలికి లాగాం. ముక్కు దగ్గర వేళ్లు పెట్టి చూశాను. ఊపిరి లేదు.

మల్లమ్మ గొల్లుమంది. బక్కమ్మ ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని బతిమాలింది.

"మా పెనిమిటి కప్ప తీరు కాదేమోనమ్మా. గా సలిదేశపు పురుగు తీరేమో. నీ ఐసుపెట్టెల జెర జాగ ఇయ్యి. నాలుగు నెలలే గద."